శృంగారమునకు దేవుని సన్నిధిలో చోటున్నదా?

బెంగళూరునుండి తిరుపతికి పోవు బాటమీది మా పలమనేరులో, భజన జరుగుచుండగా ఎవరైన అన్నమయ్య శృంగార పదమొకటి ఎత్తుకొన్నచో, "ఏం సామీ, దేవుని ముందర ఈ సరసాల పాటలేంది?" అని అడుగు పెద్దలు నేటికిని ఉన్నారు. ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. స్త్రీపురుషుల ప్రేమను రూపుగట్టించు కళ మనస్సును దైవమునుండి మరలించునా, దైవమువైపే నడపునా అన్నది అందరును తేల్చుకొనవలసిన విషయము.

మొదట పరదేశపు కళను చూతము. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో రొమాంటిక్ కళాకారులు అనేకులు ప్రేమనే ఆరాధ్యముగా నెంచిరి. పారిస్ నగరమున షప్తాల్ వీధిలో ఆరీ షెఫర్ అను చిత్రకారుడు 1830 మొదలు నివసించిన గృహము నేడు ఆ యుగమునకు మ్యూజియమై నిలిచియున్నది. గేటే మహాకవి సృష్టించిన మార్గరెట్‌ను షెఫర్ పలుమారులు చిత్రించెను. ఆమెను చూచుటకు మనము పారిస్ పోనక్కరలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో ఒకే మ్రాని దుంగకు ముందువైపున ఆమె కథలోని పిశాచము, గర్వోన్నతుడైన మెఫిస్టోఫిలిస్, వెనుకవైపున ప్రార్థన గ్రంథము చేతబట్టి తలవంచిన మార్గరెట్, అద్దములో ఆమె ప్రతిబింబము కానవచ్చును.

అచ్చటనే ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన రెబెకా ఉన్నది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరమున దానిని కొనెను. తన్ను వరింపనున్న ఇసాకును దూరమునుండి చూచి రెబెకా ఒంటె దిగి ముసుగు వేసికొనెనని బైబిలు కథ. ఆ శిల్పమునకు చేరువగా నిలిచి చూచినచో, మేలిముసుగు క్రింద కనురెప్పల వంపును, నాసికాగ్రమును, పెదవుల రేఖయు స్పష్టముగా దోచును. కాని ముసుగును ముఖమును ఒక్కటే పాలరాయి, దానికి ఆవల వేరొక ముఖము లేదు. లేని దానిని చూచుచున్నామని తెలిసియు చూడ్కులు మరల్చుకొనలేకపోవుటయే ఆ శిల్పి విజయము. ఆమె సిగ్గు మన కామమును రేపదు, మనలను కూడ ఒకింత వినమ్రులను జేయును.

ఇది యెట్లు సంభవించెనో మన ఆలంకారికులు ఏనాడో వివరించిరి. లోకములోని రతిభావము 'నాది, పరునిది' అను గుర్తులను విడిచి అందరిదిగా మారినప్పుడే రసమగునని భట్టనాయకుడు సాధారణీకరణమును ప్రతిపాదించెను. మమకారము తొలగిన ఆ ఆస్వాదము బ్రహ్మానందమునకు తోబుట్టువని పెద్దలమాట. రెబెకాను కొన్న వంశము చేతిలోనుండియు ఆమె చివరకు జాతి సొత్తయినది గదా! రసమును ఇనప్పెట్టెలో దాచుకొన్నవారు లేరు.

అయితే రసమొక్కటే భక్తి కాదని నా దృఢవిశ్వాసము. మ్యూజియపు గడప దాటినంతనే రసము సన్నగిల్లును, మమకారము మరల తలయెత్తును. అన్నమయ్య (1408–1503) ఇచటనే ముందడుగు వేసెను. ఆయన సంకీర్తనలు ఆధ్యాత్మములని, శృంగారములని రెండు తెగలుగా రాగిరేకులకెక్కగా, శృంగారములే మిక్కుటముగా లభించినవి. వానిలో ఆయన పెక్కుమారులు అలమేలుమంగకు చెలికత్తెయై, ఆమె అలుకలను స్వామికి విన్నవించును, స్వామి బుజ్జగింపులను ఆమెకు చేరవేయును. పరుల ప్రేమ ఫలించుటకై పాటుపడి, తనకేమియు కోరని మనస్సుకంటె నిర్మలమైన మనస్సు ఏ యోగికి గలదు? ఏ కొండమీద నిత్యము కల్యాణోత్సవము జరుగుచున్నదో, ఆ కొండమీద ఈ పాట అపచారమెట్లగును?

కావున భజనలో ప్రశ్నించు పెద్దలకు నా మనవి యొకటి. తరతరములు ఆ రాగిరేకులు తిరుమల ఆలయములోని సంకీర్తన భండారములో మరుగుపడియుండి, 1922 ప్రాంతమున వెలుగుజూచి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతుల పరిశ్రమవలన మనకు దక్కినవి. ఈసారి కొండకు వెళ్లినప్పుడు, దర్శనమైన వెంటనే లడ్డూల వరుసకు పరుగిడక, ఆ భండారపు చిన్న గది యెదుట ఒక్క నిమిషము నిలువుడు; ఇంటికి వచ్చి శృంగార సంకీర్తన యొకటి ఆసాంతము చదివి, అటుపిమ్మట మీ తీర్పు చెప్పుడు.