రోగి యొద్ద అడుగవలసిన ప్రశ్న

రోగులను దర్శించుట మన విధియని నీవును నేనును ఎరుగుదుము. సంఘములో ఎవరైనను మంచము పట్టిరని తెలిసినంతనే బైబిలు చేతబుచ్చుకొని బయలుదేరుదుము. వాక్యము చదివి, ప్రార్థనచేసి, తెచ్చిన నాలుగు బత్తాయిపండ్లు మంచముమీద పెట్టి వచ్చెదము. వచ్చునప్పుడు మనస్సు తేలికగా నుండును. ఆ తేలికపడినది ఎవరి మనస్సు? రోగిదా, మనదా? ఈ ప్రశ్న నన్ను కొంతకాలముగా బాధించుచున్నది.

వినుకొండకు సమీపమున ఒక పల్లెలో మిరపకోత కూలికి పోవు వృద్ధురాలొకతె మా సంఘ సభ్యురాలు. చక్కెర వ్యాధివలన ఆమె పాదములలో స్పర్శ తగ్గిపోయినది. ముల్లు గ్రుచ్చుకొనినను తెలియలేదు. అరికాలు పుండుపడి జ్వరము తగులగా పట్టణములో ఒక ఆసుపత్రిలో చేర్చిరి. నేను మూడుమారులు వెళ్లితిని. మూడవమారు ఆమె మిక్కిలి నీరసించి, పలుకరించినను సరిగా మాటలాడకుండెను. నేను ఓర్పునుగూర్చి చెప్పి, దీర్ఘముగా ప్రార్థించితిని. మంచము ప్రక్కను స్టూలుమీద మంచినీళ్ల కూజా యొకటి ఉండెను. నా బైబిలు పెట్టుకొనుటకు దానిని నేనే ప్రక్కకు జరిపితిని. అది నిండుగా, బరువుగా నుండెను. ఆ బరువు నా చేతికి తెలిసినది గాని నా బుద్ధికి తెలియలేదు.

ఆమెన్ అన్న తరువాత ఒక నర్సమ్మ వచ్చెను. మన పిల్లల యీడుది. కూజా ఎత్తి చూచెను. ముసలమ్మ పెదవులు చూచి, నాలుక చాపుమని చూచెను. "మామ్మా, పొద్దుటినుంచి నీళ్లు ముట్టలేదేం?" అని అడిగెను. జవాబు లేదు. అప్పుడామె వంగి చెవి దగ్గర మెల్లగా మరేదో అడిగెను. చివరకు తేలిన సంగతి యిది. నీళ్లు త్రాగినయెడల మాటిమాటికి లేవవలెను. కాలు నేల మోపరాదు. పాయిఖానా దూరము. ప్రతిసారి ఎవరినో ఒకరిని బ్రతిమాలవలెను. అందుకు సిగ్గుపడి రెండు దినములుగా దాహము చంపుకొని పండుకొనియున్నది. వెంటనే చక్రముల కుర్చీ తెప్పించి ఆమెను తీసికొనిపోయిరి. నేను ఇంటికి వచ్చితిని.

తరువాత ఆ నర్సమ్మతో మాటలాడగా, తమకు కళాశాలలో నేర్పినది ఇదియేనని చెప్పెను. దానిని నర్సింగ్ ప్రాసెస్ అందురట. పరిచర్యాక్రమమని మనము అనుకొనవచ్చును. మొదట రోగిని చూచి, అడిగి, తాకి వివరములు కూర్చుకొనుట. వాటినిబట్టి అతని కొరత ఏదో నిర్ణయించుట. దానికి తగిన ఏర్పాటు ఆలోచించుట. ఆ ఏర్పాటును జరిగించుట. పిమ్మట తిరిగి వచ్చి, గుణమిచ్చినదో లేదో చూచుట. అమెరికాలో లిడియా హాల్ అను నర్సు 1955లో నర్సు పనిని ఇట్టి క్రమముగా చెప్పినది. ఐడా జీన్ ఒర్లాండో 1961లో ప్రచురించిన గ్రంథములో, రోగికి కావలసినది ఇదియని నర్సు తన మనస్సులో అనుకొన్నది నిజమో కాదో రోగినే అడిగి రూఢిచేసికొనవలెనని బోధించినది. 1967లో హెలెన్ యూరా, మేరీ వాల్ష్ అనువారు దానిని నాలుగు మెట్లుగా వ్రాసిరి. కొరతను నిర్ణయించుట ప్రత్యేకమైన మెట్టుగా 1973లో అమెరికా నర్సుల సంఘపు ప్రమాణములలో చేరినది.

వైద్యుని నిర్ణయము వేరు, నర్సు నిర్ణయము వేరు అని గమనింపుము. కాలిపుండు, చక్కెర అని వైద్యుడు వ్రాసెను. అది సత్యమే. సిగ్గుచేత నీళ్లు మానినదని ఏ రక్తపరీక్షలో తెలియును?

మిరపరైతులకు ఈ మాట సులభముగా బోధపడును. మిరపాకు ముడుచుకొనినంతమాత్రమున ఎవడును మందు కొట్టడు. ఆకు పైకి దోనెవలె ముడిచినచో తామరపురుగు. క్రిందికి ముడిచినచో నల్లి. ఒకదానికి కొట్టవలసిన మందు మరియొకదానికి కొట్టినయెడల డబ్బును పోవును, చేనును పోవును. కాబట్టి రైతు చేలో దిగి ఆకు త్రిప్పి చూచును. ఆకు త్రిప్పి చూచు మనము మనిషిని అడిగి చూడకపోవుటకు కారణమేమి? ప్రేమ యున్నది గనుక చాలునని అనుకొందుము. అడుగని ప్రేమ తాను ఊహించుకొన్న రోగిని ప్రేమించును గాని మంచముమీద నున్న రోగిని కాదు.

అయిదు మెట్లలో మనము బొత్తిగా విడిచిపెట్టునది చివరిది. ఆ ముసలమ్మ విషయములో నర్సమ్మ వేసిన మొదటి ఏర్పాటు సగమే నెరవేరినది. నీళ్లకు అడ్డులేదని డాక్టరుగారి యొద్ద తెలిసికొని, ఇన్ని గంటలకు ఒక గ్లాసు నీళ్లు, ఆ గంటకే కుర్చీ అని ఏర్పరచినది. పగలు బాగుగానే జరిగెను. మరునాడు ఉదయము వచ్చి కూజా చూడగా రాత్రి నీళ్లు అట్లేయున్నవి. ఆ వేళ కుర్చీ తెచ్చువాడు మగవాడు! ఈ సంగతి తెలిసికొని, రాత్రికి కోడలిని ప్రక్కను ఉంచుకొనుటకు సెలవు తీసికొన్నది. ముసలమ్మ మొండిదని వ్రాసి ఊరకుండవచ్చును గదా. అట్లు చేయక, తన ఏర్పాటులోనే లోపమున్నదని ఒప్పుకొని మరల మొదటి మెట్టునకు వచ్చినది.

మనమైతే ప్రార్థనచేసిన తరువాత, గుణమెట్లున్నదని అడుగుట అవిశ్వాసమని భయపడుదుము. నేను అట్లే భయపడితిని. మార్కు సువార్త ఎనిమిదవ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి చదువుము. ప్రభువు వానిమీద చేతులుంచిన తరువాత, ఏమైనను కనబడుచున్నదా అని వానినే అడిగెను. మనుష్యులు చెట్లవలె అగుపడి నడుచుచున్నారని వాడు ఉన్నదున్నట్లు చెప్పెను. ప్రభువు వానిని గద్దింపలేదు. మరల చేతులుంచెను. దేవుని కుమారుడు తన స్పర్శ తరువాత అడుగగలిగినప్పుడు, నా ప్రార్థన తరువాత నేను అడుగకుండుట విశ్వాసమా, లేక నా మాట చెల్లలేదని వినవలసివచ్చునను భయమా? నా మట్టుకు నాకు అది భయమే.

క్రమము ప్రేమను చల్లార్చునని కొందరందురు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. రోగులు క్రిక్కిరిసిన వార్డులో కాగితములు నిండునుగాని రోగి ముఖము చూచువారుండరు. అయినను అది క్రమముయొక్క దోషము కాదు. మన ఆరాధనక్రమమును నిద్రలో చదువువారు లేరా?

గుంటూరునకు 1883లో వచ్చి 1898లో ఆసుపత్రి తెరచిన అన్నా కుగ్లరు దొరసానిని, వేలూరులో 1909లో నర్సులకు శిక్షణ ప్రారంభించిన ఐడా స్కడ్డరు దొరసానిని మన సభలలో గొప్పగా స్మరింతుము. వారి సేవకు కృతజ్ఞత చెల్లింతుమేగాని, వారి మంచముల ప్రక్కను నిలిచి పని నేర్చుకొనినవారివలె రోగిని చూచుట సంఘములో మనము నేర్చుకొనలేదు.

పుండు మానిన తరువాత ముసలమ్మను చూడబోతిని. చెప్పులు తొడుగుకొని, కల్లములో కూర్చుండి తాలుకాయలు ఏరుచుండెను. ఈసారి బైబిలు తెరువకముందే అడిగితిని. "ఆసుపత్రిలో నేను చేయవలసినది ఏమైనను మిగిలినదా, మామ్మా?" ఆమె కాయలు ఏరుట మానలేదు. కొంచెము నవ్వి, "ఆ మూడోనాడు ప్రార్థన కాస్త చిన్నది చేసుంటే బాగుండు అయ్యగారూ. నాకు ఒంటికి వస్తావుంటే, కండ్లు మూసుకొని బిగబట్టుకొని పడుకున్నా" అన్నది.