చెప్పడం వేరు, అడగడం వేరు

కొన్నేళ్ల కిందట శబరి ఒడ్డున ఒక మండల కేంద్రంలో సమావేశం పెట్టారు. నదీ పరీవాహక ప్రాంతానికి ప్రణాళిక తయారవుతోందనీ, స్థానికులంతా అందులో భాగస్వాములు కావాలనీ కబురు వచ్చింది. మా ఊళ్ల నుంచి నలభై మంది దాకా వెళ్లారు. టీచర్లం కాబట్టి మమ్మల్నీ రమ్మన్నారు. కోయ మాటను తెలుగులోకి, తెలుగు మాటను కోయలోకి మార్చి చెప్పడం మా పని.

గోడకు పెద్ద పటం తగిలించారు. గంటసేపు మాట్లాడారు. చివర్లో రిజిస్టరు తిప్పారు. సంతకం వచ్చినవాళ్లు సంతకం చేశారు, రానివాళ్లు వేలిముద్ర వేశారు. అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక అవ్వ లేచి కోయలో ఒక్క మాట అడిగింది: "ఇదంతా మాకు చెప్పడానికి పిలిచారా, మమ్మల్ని అడగడానికి పిలిచారా?"

వేదిక మీదివాళ్లు మా వైపు చూశారు. "అవ్వ కొన్ని వివరాలు కావాలంటోంది సార్" అన్నాం మేము. వివరాలు తర్వాత ఇస్తామన్నారు. సమావేశం ముగిసింది.

ఆ రోజు మేము సరిగా మార్చి చెప్పని ఆ ప్రశ్ననే ఇప్పుడు ఇక్కడ పెడుతున్నాం. ఒక నది గురించి పదిమందీ కలిసి ఆలోచించడం అంటే ఏమిటి? ఒకే గదిలో కూర్చుంటే కలిసి ఆలోచించినట్టేనా?

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నదిని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలన్న ఆలోచన మంచిదే. గోదావరి మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద కురిసిన వాన దానిలోకే చేరుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మన అడవుల్లోంచే వచ్చి దానికి నీళ్లిస్తాయి. శబరి ఒడిశా కొండల్లో పుట్టి, దారిలో సీలేరును కలుపుకొని, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పైన కొండ బోడిదైతే కింద మడుగు మట్టితో పూడుతుంది. పైన గేట్లు ఎత్తితే కింద ఊళ్లోకి నీళ్లొస్తాయి. ఇది మన పెద్దలకు చదవకుండానే తెలుసు. 1987 జాతీయ జల విధానమూ, తర్వాత 2012 విధానమూ నీటి ప్రణాళికలను పరీవాహక ప్రాంతాన్ని బట్టే వేసుకోవాలని చెప్పాయి. అందులో మనకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, మొత్తం నదిని చూసే ఆ చూపులో ఎవరు కనబడతారు అన్న దగ్గర.

గోదావరి నీళ్ల తగాదా తేల్చడానికి 1969లో జస్టిస్ బచావత్ అధ్యక్షుడిగా ట్రిబ్యునల్ వేశారు. 1980లో తుది తీర్పు వచ్చింది. అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం ప్రకారం అక్కడ వాదించేది రాష్ట్రాలే. పోలవరంలో 150 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలపడమన్నది రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందాల్లోంచి వచ్చింది. మునిగే ఊళ్లలో ఉన్న కోయలకు, కొండరెడ్లకు ఆ వాదనలో చోటు లేదు. 2014లో ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మనం గడప దాటకుండానే మన రాష్ట్రం మారిపోయింది.

ఇంకొక ఉదాహరణ. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతులే సాగునీటిని చూసుకోవాలని చట్టం చేసింది. నీటి సంఘాలు వచ్చాయి. మంచి అడుగే. కానీ ఆ సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్న రైతుకే. వాగులో చేపలు పట్టుకునేవాడికి, ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వి బిందె నింపుకునే ఆడమనిషికి, పొలమే లేని కూలివాడికి ఓటు లేదు. వీళ్లందరూ ఆ నీళ్లతోనే బతుకుతారు. భాగస్వామి అంటే భాగం ఉన్నవాడు. భాగాన్ని భూమితో మాత్రమే కొలిస్తే, నదిని ఎక్కువగా నమ్ముకున్నవాళ్లే బయట మిగిలిపోతారు.

ఇక్కడ మన పిల్లలే మనల్ని ఒక ప్రశ్న అడుగుతారు. తరగతిలో అడిగారు కూడా. "పదిమంది బాగుపడతారంటే ఒకరు నష్టపోవచ్చు కదా సార్?" పోలవరం కింద ఏడు లక్షల ఎకరాలకు పైగా కొత్త సాగు, 960 మెగావాట్ల కరెంటు అని చెబుతారు. ఆ లెక్కను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కింద పొలానికి నీళ్లు కావాలనుకునే రైతు మనకు శత్రువు కాడు. ఆయనకూ పిల్లలున్నారు, అప్పులున్నాయి.

అయినా ఆ వాదనలో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఆ మాట అనేది ఎప్పుడూ నష్టపోయే మనిషి కాదు. నా గింజలు నేను తీసి పక్కింటికి పెడితే అది సాయం. నా గాదె తలుపు ఇంకొకరు తీసి పంచిపెట్టి, "వీడు సాయం చేశాడు" అంటే అది సాయం కాదు. ఊరివాళ్లు నిజంగా ఒప్పుకుంటే ఒక పెద్ద పని కోసం నష్టం భరించవచ్చు. ఒప్పుకోనని చెప్పే వీలుంటేనే ఒప్పుకోవడానికి విలువ.

రెండోది, ఏమేం పోయాయో కాగితం మీదికి రావు. పట్టా భూమికి ధర కడతారు. చెట్లకూ ఇంటికీ కడతారు. వరద తీశాక ఒండ్రు మీద వేసుకునే పంటకు, ఇప్ప చెట్ల కింద పొద్దున్నే ఏరుకునే పువ్వుకు, చచ్చిపోయిన పెద్దల పేరున నిలబెట్టిన రాళ్లకు లెక్క ఏది? ఆ వివరాలు తెలిసింది ఊరివాళ్లకే. వాళ్లను అడగకపోతే అన్యాయం సంగతి అలా ఉంచండి, అసలు లెక్కే తప్పుతుంది.

వరదల సంగతే చూడండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకు. గోదావరి పొంగి ఉన్నప్పుడు శబరి నీళ్లు దానిలోకి దిగలేక ఎగదన్నుతాయి. అప్పుడు ఏ వాగు ముందు వెనక్కి మళ్లుతుందో, ఏ దారి ముందు తెగుతుందో, పశువులను ఏ మిట్టకు తోలాలో మన ముసలివాళ్లు చెబుతారు. ఇంజినీరుకు నీటి లెక్క తెలుసు. ఊరికి నీటి నడక తెలుసు. ఒకటి లేకుండా రెండోది చాలదు.

చట్టం మెల్లగా ఇటువైపు నడిచింది. 1996 పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలంది. చిన్న నీటి వనరుల ప్రణాళిక పంచాయతీల చేతిలో ఉండాలంది. 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు వేసి, ముందస్తు సమ్మతి కావాలంది. సంప్రదింపు నుంచి సమ్మతికి రావడానికి పదిహేడేళ్లు పట్టింది. అవ్వ అడిగిన తేడా అదే. అయితే కాగితం మీది సమ్మతి ఊళ్లోకి రావాలంటే ఊరు గ్రామసభలో కూర్చోవాలి, చదివినవాళ్లు చదివి వినిపించాలి.

మన వైపు తప్పులూ చెప్పుకోవాలి. మడుగుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లి చేపలు పట్టే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఆ నీళ్లే కింద ఊరి పశువులు తాగుతాయి. కింద ఉన్నవాళ్లను మనం అడిగామా? మనకు పైన ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో మన బంధువులే ఉన్నారు. పెళ్లిళ్లకు వెళ్తాం, పండుగలకు వెళ్తాం. వాగు గురించి వాళ్లతో ఎన్నడైనా కూర్చుని మాట్లాడామా? పైవాడు మనల్ని అడగాలని కోరుకుంటే, కిందివాణ్ని మనం అడగాలి. ఈ ధర్మం రాష్ట్రాలకు ఒకటి, ఊళ్లకు ఒకటి ఉండదు.

తోటి టీచర్లకు మా మనవి ఒకటే. మన పిల్లలతో ఊరి వాగు పటం గీయించండి. ఊట ఎక్కడ, మడుగు ఎక్కడ, ఎండాకాలం ఎక్కడ ఎండుతుంది అన్నది వాళ్ల అవ్వలను, తాతలను అడిగి రాయించండి. సమావేశానికి పిలిస్తే వెళ్లండి. మాట మార్చి చెప్పేటప్పుడు మెత్తగా చేయకండి. పెద్దసారు ఏమనుకుంటారో అన్న భయం మాకు తెలుసు. ఆ భయంతోనే ఒక ప్రశ్నను పోగొట్టాం.

యువకులారా, సంతకం పెట్టేముందు పై గీత మీద ఏం రాసి ఉందో చదవండి. "హాజరైనవారు" అని ఉందా, "అంగీకరించినవారు" అని ఉందా చూడండి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె వేలిముద్ర ఆ రిజిస్టరులో ఉండే ఉంటుంది. ఆమె అడిగిన మాట మాత్రం అందులో లేదు. ఈసారి పిలుపు వచ్చినప్పుడు, ఎవరూ మాట్లాడకముందే ఆ మాటను మొదటి పేజీలో రాయించాలని మేము అనుకున్నాం.