రిపోర్ట్ బటన్, శిశుపాలుడి నూరు తప్పులు

ఈ వారం మన ఛానల్‌లో శిశుపాలుడి కథ చెప్పుకున్నాం కదా. ఆ వీడియో ఎడిట్ చేస్తున్నంతసేపూ నన్ను ఒక విషయం గుచ్చుతూనే ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న శివరాత్రికి ఒకాయన వీడియో పెట్టాడు. శివలింగానికి పాలు పోయడం దండగ అంటూ ఒకటే వెటకారం. చూడగానే ఒళ్లు మండింది. లింక్ మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, "అందరూ రిపోర్ట్ కొట్టండి" అన్నాను. సాయంత్రానికి ఆ వీడియో లేదు. మా రిపోర్టుల వల్లే పోయిందో, ఆయనే తీసేసుకున్నాడో తెలీదు. మేం మాత్రం యుద్ధం గెలిచినట్టు సంబరపడ్డాం.

తర్వాత ఆషాఢం వచ్చింది. లాల్ దర్వాజా బోనాల్లో పోతరాజు వీరంగం షూట్ చేసి పెట్టాం. ఒంటినిండా పసుపు, చేతిలో కొరడా, డప్పుల మోత. రెండు గంటల్లో తీసేశారు. "హింసాత్మక కంటెంట్" అని ఒక్క లైన్ మెయిల్, అంతే. అమ్మవారి సోదరుడిగా మనం మొక్కే పోతరాజు ఆ సాఫ్ట్‌వేర్‌కి కొరడా పట్టుకున్న మనిషిగానే కనిపించాడేమో! అప్పీల్ చేస్తే మూడో రోజు తిరిగి పెట్టారు. అప్పటికి పండగ అయిపోయింది.

మరి అసలేదీ తీసేయకూడదా? అలా అనలేను. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక దుర్మార్గుడు మసీదుల్లో కాల్పులు జరుపుతూ ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. 51 మంది చనిపోయారు. లైవ్ నడిచింది 17 నిమిషాలు. మొదటి రిపోర్ట్ వచ్చేసరికి లైవ్ ముగిసి 12 నిమిషాలైంది. తొలి 24 గంటల్లో 15 లక్షల కాపీలు తొలగించామని, వాటిలో 12 లక్షలకు పైగా అప్‌లోడ్ దగ్గరే ఆపేశామని ఆ సంస్థే చెప్పింది. ఇన్ని లక్షలు మనుషులు కూర్చుని చూసి తీయలేరు. జల్లెడ ఉండాల్సిందే. కానీ జల్లెడ కన్నాలు మరీ చిన్నవి చేస్తే రాళ్లతో పాటు బియ్యమూ ఆగిపోతాయి. మా పోతరాజు అలా ఆగిపోయినవాడే.

ఇప్పుడు శిశుపాలుడి దగ్గరికి వద్దాం. కృష్ణుడు చక్రం వేశాడు, నిజమే. కానీ ఎలా వేశాడు? నూరు తప్పులు కాస్తానని మేనత్తకి ముందే మాటిచ్చాడు. ఆ మాట ప్రకారం ఓర్చుకున్నాడు. చివరికి నిండు సభలో, రాజులందరి ముందు, వాడు ఏమేం చేశాడో చెప్పాడు. ఆ లెక్కలో తిట్లు మాత్రమే లేవు, ద్వారకను తగలబెట్టడం కూడా ఉంది. హద్దు ముందే తెలుసు, లెక్క ఉంది, కారణం అందరికీ చెప్పాడు. దండనకి కూడా ఒక ధర్మం ఉందన్నమాట.

మన దేశంలో 2021 ఐటీ నిబంధనలు కూడా దాదాపు ఇదే అడుగుతున్నాయి. పెద్ద వేదికలు తమంతట తాముగా ఎవరి పోస్టునైనా తీసేస్తే, కారణం తెలియజేయాలి, వాదించుకునే అవకాశం ఇవ్వాలి. ఒక్క లైన్ మెయిల్ దీనికి సరిపోదు.

కానీ వేదికల్ని అడిగే ముందు నన్ను నేను అడగాలి కదండీ. ప్రాణాలు తీయమని రెచ్చగొట్టేది, పిల్లల్ని పాడుచేసేది, అబద్ధంతో ఒకరి బతుకు కూల్చేది కనిపిస్తే క్షణం ఆలోచించకుండా రిపోర్ట్ కొడతాను. అది హాని. పాల గురించి ఆయన అన్న మాట వల్ల నాకు బాధ కలిగింది, హాని జరగలేదు. ఈ రెండింటినీ నేను ఒకే బటన్‌తో కొలిచాను.

ఇంకా సిగ్గుపడే విషయం ఒకటుంది. ఆయన అడిగిన ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అందుకే అంత కోపం వచ్చిందేమో. తర్వాత మా వీధి గుడి పంతులుగారిని కూర్చోబెట్టి అభిషేకం గురించి గంటసేపు అడిగి తెలుసుకున్నాను. ఆయనకి మర్యాదగా బదులిద్దామని పాత లింక్ నొక్కాను. అక్కడేముంది? వీడియో లేదు, ఆయనా లేడు.

మీరైతే ఏం చేసేవారు? ఆలోచించి చెప్పండి.

జై శ్రీకృష్ణ!