తమ్ముని జాడ

ధ్యానభాగము: ఆదికాండము 4:9

తమ్ముని జాడ దేవుడు అడిగినప్పుడు, ఆ బాధ్యత తనది కాదన్నట్లు కయీను బదులు చెప్పెను. దూరదేశస్థుల విషయమై మనమును తరచుగా అట్లే తలంచుచున్నాము.

సూర్యుని తీక్ష్ణ కిరణములనుండి మనలను కాపాడుటకు దేవుడు ఆకాశమందు ఓజోను పొరను ఉంచెను. శీతలయంత్రములలో వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు దానిని క్షీణింపజేసెను. వాటిని ఎక్కువగా వాడినవారు ఉత్తరపు ధనిక దేశములవారు; పొర మిక్కిలి పలచబడినది దక్షిణ ధ్రువముమీద. ఈ సంగతి 1985లో బయలుపడెను. 1987లో మాంట్రియల్ పట్టణమందు దేశములు కూడి, ఆ వాయువులను మానుటకు ఒడంబడిక చేసికొనెను. బీదదేశములకు ఎక్కువ గడువు ఇయ్యబడెను. 1990లో వాటికొరకు సహాయనిధియు ఏర్పడెను. 1992లో మన దేశము చేరెను. నేడు లోకమందలి దేశములన్నియు అందులో నున్నవి.

పొర మెల్లగా బాగుపడుచున్నది. అయినను దక్షిణ ధ్రువముపై మునుపటి స్థితికి వచ్చుటకు ఇంచుమించు 2066 వరకు పట్టునని శాస్త్రజ్ఞుల అంచనా. నాడు సంతకము చేసిన పెద్దలలో అనేకులు ఆ దినమును చూడరు. తాము చూడని బిడ్డల నిమిత్తమే వారు ఒప్పుకొనిరి.

భూమి వేడెక్కుటను గూర్చి 2015లో పారిస్ నందు ఇచ్చిన మాట ఇంకను అట్లు నెరవేరలేదు. మనమో? మన వీధి మురుగు ఎవరి చెరువులో పడుచున్నదో, మనము కాల్చిన చెత్త పొగ ఎవరి బిడ్డ పీల్చుచున్నదో ఎన్నడైనను అడిగితిమా?

తమ్ముని జాడ తెలిసికొను మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.