నాకు పడదమ్మా!

ఇల్లు మారేరోజున ఏ ఇంట్లోనూ వంట సవ్యంగా సాగదు. మనవైపయితే కొత్తింట్లో పాలు పొంగించేసి, ఆ పూటకి ఏ పక్కింటావిడో పంపిన పులిహోరతో కానిచ్చేస్తాం. కొరియావాళ్ళు ఇల్లు మారినరోజున జాజాంగ్‌మ్యోన్ తింటారు. "అదేమైనా శాస్త్రమా?" అనడిగాను మా చెల్లెల్ని. "శాస్త్రం ఏమీ లేదక్కా, గిన్నెలన్నీ పెట్టెల్లో ఉంటాయి కదా!" అంది.

మా చెల్లెలు చాలా ఏళ్ళుగా ఆ దేశంలోనే ఉంటోంది. సియోల్‌కి దక్షిణంగా సువాన్ అనే ఊరు. మా మరిదిగారు అక్కడొక కంపెనీలో ఇంజనీరు. నెల్లాళ్ళు ఉండి వద్దామని నిరుడు నేను వెళ్ళేసరికి సరిగ్గా వాళ్ళు ఇల్లు మారుతున్నారు. అద్దె గడువు చుట్టాల్ని చూసుకుని రాదు కదా! సామానంతా పైకి చేరేసరికి రెండు దాటింది. చెల్లెలూ, మరిదిగారూ, వాళ్ళ పదమూడేళ్ళ పిల్లా, నేనూ, నలుగురం దుమ్ముకొట్టుకుపోయిన బట్టలతోనే వీధి చివర చైనా హోటలుకి నడిచాం.

చైనా హోటలంటే ఎర్రలాంతర్లూ, డ్రాగన్లూ ఊహించుకోకండి. మన బస్టాండు దగ్గర టిఫిను హోటలు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆరు బల్లలు, గోడమీద ధరల పట్టిక, మూల మంచినీళ్ళ యంత్రం. నీళ్ళు మనమే పట్టుకోవాలి. కూర్చోగానే పసుపురంగు ముల్లంగి ఊరగాయ, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, వాటిని అద్దుకోవడానికి ఓ నల్లటి ముద్ద తెచ్చిపెట్టారు. వాటితోపాటు ఒక కత్తెర! నూడిల్సు మరీ పొడుగైతే కత్తిరించుకోవడానికట. బట్టలకొట్లో కత్తెర చూశాను గాని, భోజనాల బల్లమీద చూడడం అదే మొదలు.

వడ్డించే ఆవిడని మా పిల్ల "ఇమో!" అని కేకేసింది. ఇమో అంటే అమ్మ తోడబుట్టింది. పిన్నికీ పెద్దమ్మకీ అదే మాట. ముక్కూ మొహం తెలియని ఆవిణ్ణి పిన్నీ అని పిలవడం చెవిన పడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా అర్థంకాని భాషలో మాట్లాడుతున్న ఆ ఊరు కాస్త దగ్గరకి జరిగినట్టయింది.

ఇంతకీ ఆ వంటకం సంగతి. తెల్లటి లావుపాటి గోధుమ నూడిల్సు, వాటిమీద కాటుకలాంటి నల్లటి ముద్దకూర, పైన కాసిని దోసకాయ తురుము. సోయాగింజల్నీ గోధుమపిండినీ పులియబెట్టి, కాల్చిన పంచదార పాకం కలిపితే చున్‌జాంగ్ అనే నల్లటి ముద్ద తయారవుతుంది. దాన్ని నూనెలో బాగా వేయించి, బోలెడు ఉల్లిపాయలూ మాంసం ముక్కలూ వేసి, కాస్త పిండినీళ్ళతో చిక్కబరుస్తారు. చూడ్డానికి భయం వేస్తుంది గాని, తింటే కాస్త తియ్యగా, కాస్త ఉప్పగా, వేగిన ఉల్లిపాయ కమ్మదనంతో బావుంటుంది. కారం మాత్రం ఉండదు. బల్లమీద మిరపపొడి డబ్బా ఉంది, అందులో నాలుగోవంతు మా మరిదిగారే ఖాళీ చేశారు.

పేరుకి చైనా వంటే గాని, ఇలాంటిది చైనాలో దొరకదు. 1883లో ఇంచియాన్ రేవు తెరిచినప్పుడు సముద్రం అవతల షాన్‌డాంగ్ నుంచి చైనా కూలీలూ, వర్తకులూ వచ్చి పడ్డారు. వాళ్ళు తమ ఊరి ముద్దకలిపిన నూడిల్సు తెచ్చుకున్నారు. అది కొరియావాళ్ళ నాలుకకి తగ్గట్టు తియ్యబడి, నల్లబడి, ఇలా అయింది. ఇంచియాన్‌లో ఆనాటి పేరుమోసిన హోటలు భవనాన్ని 2012లో జాజాంగ్‌మ్యోన్ మ్యూజియం చేశారు. ఒక నూడిల్సు గిన్నెకి మ్యూజియం! మన పెసరట్టుకి ఎవరైనా కట్టారా?

1950 నుంచి 53 దాకా జరిగిన యుద్ధం తర్వాత అక్కడ బియ్యానికి కటకట. అమెరికా సాయంగా గోధుమపిండి దిగింది. అరవైల్లో, డెబ్బైల్లో ప్రభుత్వమే పిండివంటకాలు తినండని ఊదరగొట్టింది. వారంలో కొన్ని రోజులు హోటళ్ళలో మధ్యాహ్నం అన్నం వడ్డించకూడదని కట్టడి కూడా పెట్టింది. మనకిది కొత్త కథేం కాదు. 1965లో శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానమంటే మా అమ్మమ్మగారింట్లో సోమవారం రాత్రిళ్ళు పొయ్యి వెలిగించలేదట. అమెరికా గోధుమలు తిని పెరిగిన పిల్ల మా అమ్మ.

అలా ఆ రోజుల్లో అక్కడి బీదాబిక్కీకి బయట తిండి అంటే జాజాంగ్‌మ్యోనే. పిల్లవాడు బడి చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకున్న రోజున, ఇల్లు మారినరోజున, అంతే. ఇప్పుడు ఒక గిన్నె ఏడువేల వోన్ల చిల్లర. మన లెక్కలో నాలుగువందలు దాటుతుంది గాని, అక్కడ బయట తినేవాటిలో అది చవక కిందే లెక్క.

మా అక్కచెల్లెళ్ళకి పందిమాంసం అలవాటు లేదు. అంచేత మా ఇద్దరికీ రొయ్యలు వేసినది, తండ్రీకూతుళ్ళకి మామూలుది తెప్పించారు. నా గిన్నెలో నాలుగు రొయ్యలున్నాయి. పిల్ల ఓసారి అటు చూసింది. చూసిందో లేదో, నా చెయ్యి దానంతటదే కదిలి రెండు రొయ్యలు తీసి దాని గిన్నెలో వేసింది. "తీసుకో నాన్నా, నాకు రొయ్యలు పడవు" అన్నాను.

పిల్ల పుల్లలు కింద పెట్టింది. "పెద్దమ్మా, నిన్న అమ్మ చేసిన రొయ్యల కూర నువ్వు మూడుసార్లు వేసుకున్నావు కదా?"

నేను తెల్లబోయాను. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. సంగతేమిటంటే, 1999లో అక్కడి కుర్రాళ్ళ పాటల బృందం ఒకటి 'అమ్మకు' అనే పాట పాడిందట. ఎప్పుడూ చవక నూడిల్సే తిని విసిగిపోయిన బీదింటి పిల్లవాడి కోసం, దాచుకున్న డబ్బు తీసి జాజాంగ్‌మ్యోన్ తెప్పిస్తుంది తల్లి. తను మాత్రం తినదు. తనకి అదంటే ఇష్టం లేదంటుంది. ఆ పాట తెలియని కొరియా మనిషి ఉండడట. ఇప్పటికీ ఏ తల్లయినా "నాకొద్దు, మీరు తినండి" అంటే పిల్లలు ఆ పాట ఎత్తుకుని ఏడిపిస్తారట.

వాళ్ళు నవ్వుతున్నారు గాని నాకు నవ్వు రాలేదు. మా తెనాలి ఇంట్లో పెరుగుగిన్నె గుర్తొచ్చింది.

నాన్న బడిపంతులు. రోజుకి అర్ధశేరు పాలు. అందులో కాఫీలకి పోగా మిగిలినది తోడుపెడితే చిన్న గిన్నెడు పెరుగు. మీగడ కట్టిన పైభాగం నాన్నకీ అన్నయ్యకీ, కిందిది మా ఇద్దరికీ. గిన్నెలో నీళ్ళు పోసి తొలిపితే వచ్చిన తెల్లనీళ్ళు అమ్మకి. "నీకో అమ్మా?" అంటే, "నాకు పెరుగు పడదమ్మా, జలుబు చేస్తుంది" అనేది. ఇన్నేళ్ళూ అదే మాట. మేమూ అదే నమ్మాం. ఎవరింటికి వెళ్ళినా "అమ్మకి పెరుగు వెయ్యకండి, పడదు" అని మేమే ముందు చెప్పేవాళ్ళం. చూశారా, మేం కూడా ఎంత బాగా సాయపడ్డామో!

అమ్మ ఆఖరి రెండేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. ఓ రాత్రి మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి వెళితే ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. ఆ వెలుగులో అమ్మ నిలబడి చెంచాతో గడ్డపెరుగు తింటోంది. కళ్ళు మూసుకుని మరీ తింటోంది. నన్ను చూసి గిన్నె దాచబోయింది. "నీకు పెరుగు పడదన్నావు కదే అమ్మా?" అన్నాను. కాసేపాగి, "అప్పట్లో పడేది కాదులే" అంది.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బి.ఏ.లో నాకు ఫిలాసఫీ ఒక సబ్జెక్టు. కాంట్ అనే జర్మను పండితుడు 1797లో ఓ వ్యాసం రాశాడు. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అనడిగినా సరే, అబద్ధం ఆడకూడదంటాడాయన. అంత కాఠిన్యం మన వాళ్ళకి లేదు. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి జాబితా చదివాడు. ఆ జాబితాలో కంచం లేదు. కంచం ముందు అబద్ధం ఆడే ప్రాణి గురించి ఆయనకి తెలిసుండదు. ఆయనెప్పుడు వడ్డించాడు గనక!

ఒకే గిన్నె ఉన్నప్పుడు ఆ తల్లి మరేం చేస్తుంది? "నాకూ తినాలనుందిరా, కానీ డబ్బు లేదు" అంటే పిల్లవాడికి ముద్ద దిగుతుందా? నిజం చెప్పి వాడి నోటి దగ్గర కూడు చేదు చెయ్యడం కంటే, అబద్ధం చెప్పి తినిపించడమే నయం. కాంట్‌గారు ఎంత గింజుకున్నా సరే, నేను ఆవిడ పక్షమే.

కాని నాకు తెగని లెక్క ఒకటుంది. గిన్నె ఒకటైనప్పుడు పుట్టిన అబద్ధం గిన్నెలు నాలుగైనా ఎందుకు చావదు? అన్నయ్యకి ఉద్యోగం వచ్చింది, మాకు పెళ్ళిళ్ళయ్యాయి, ఇంట్లోకి రెండు లీటర్ల పాలొచ్చాయి. అయినా అమ్మ మజ్జిగనీళ్ళే తాగింది. ముప్పై ఏళ్ళు చెప్పిన మాట ఒక్కరోజు ఎలా వెనక్కి తీసుకుంటుంది? తీసుకుంటే ఆ ముప్పై ఏళ్ళూ మేం ఏం తిన్నామో మాకు తెలిసిపోదూ? అందుకే పాపం, రాత్రిపూట దొంగతనంగా తినాల్సి వచ్చింది, తన కూతురింట్లో, తన పెరుగు.

పెరుగు పోయిందని కాదు నా బాధ. అమ్మకి ఒక కప్పు పెరుగు పెట్టే అవకాశం మాకు పోయింది. అమ్మ మాకన్నీ పెట్టింది గాని, పెట్టడంలో ఉన్న సుఖం మాత్రం మాకు మిగల్చకుండా అంతా తనే అనుభవించింది. ఇలా రాస్తే నామీద కోపాలొస్తాయని తెలుసు. తల్లిని తప్పుపట్టే కూతుర్ని మన పత్రికలు క్షమించవు. తప్పుపట్టడం లేదు. ఆ రాత్రి తర్వాత అమ్మ బతికింది ఎనిమిది నెలలే. ఆ ఎనిమిది నెలల్లో అసలు ఆవిడకేమిష్టమో కనుక్కుందామని ఎంత ప్రయత్నించానో నాకు తెలుసు. వంకాయా, బెండకాయా అనడిగితే "నీకేది సులువైతే అది" అనేది. అమ్మకి ఇష్టమైన కూరేదో నాకు తెలియదు. ఆవిడకైనా తెలుసోలేదో!

ఇంకోటి కూడా గమనించాను. అమ్మ అబద్ధాన్ని అన్నయ్య నమ్మాడు. మేమిద్దరం నేర్చుకున్నాం. లేకపోతే ఆకలి దహించుకుపోతున్నవేళ, ఎవరూ అడక్కుండా, అన్ని గిన్నెలూ నిండుగా ఉన్నచోట, నా చెయ్యి దానంతటదే ఎందుకు కదులుతుంది? నేను త్యాగం చెయ్యలేదండీ, అలవాటు చేశాను.

"ఏమిటక్కా, చల్లారిపోతోంది. కలుపుకుని తిను" అంది చెల్లెలు. దాని వాటా రొయ్యలు అప్పటికే మా మరిదిగారి గిన్నెలో ఉన్నాయి. నేను చూశానని గ్రహించి తల దించుకుంది.

పిల్ల మాత్రం నేను వేసిన రొయ్యలు తీసి తిరిగి నా గిన్నెలో వేసింది. "నాకు కావాలంటే అడుగుతా పెద్దమ్మా. నువ్వు తిని, ఇంకా మిగిలితే ఇయ్యి." దాని తెలుగు కాస్త వంకరగా ఉంటుంది గాని, ఆ మాట మాత్రం చాలా తిన్నగా అంది. పైగా పాఠం కూడా చెప్పింది. జాజాంగ్‌మ్యోన్ తినాలా, జాంపోంగ్ అనే ఎర్రటి కారం పులుసు నూడిల్సు తినాలా అన్నది కొరియాలో అందరికీ తెగని తగవట. దానికోసం మధ్యన గోడకట్టిన గిన్నె తయారుచేశారట, సగంలో ఇది, సగంలో అది. "ఈసారి నీకు అది చెప్తా. అప్పుడు నీకేది ఇష్టమో తెలుస్తుంది కదా" అంది. మా మరిదిగారు గొంతు సవరించుకుని, "వదినగారూ, తినండి" అంటూనే తన గిన్నెలోని రొయ్యలు ఒక్కొక్కటే చెల్లెలి గిన్నెలోకి పంపించేశారు. చెల్లెలు "అబ్బే, నాకొద్దు" అనబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

నా నాలుగు రొయ్యలూ నేనే తిన్నాను. నిజం చెప్పొద్దూ, మొదటి రెండూ గొంతు దిగడానికి కష్టపడ్డాయి. మిగతా రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి.

మేం లేచేసరికి హోటల్లో ఇంకెవరూ లేరు. ఇందాకటి ఇమో వంటింటి గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుని అప్పుడు భోంచేస్తోంది. అన్నం, కిమ్చీ, ఏదో పలచటి పులుసు. మీరు జాజాంగ్‌మ్యోన్ తినరా అని పిల్లచేత అడిగించాను. ఆవిడ నవ్వుతూ చెయ్యి అడ్డంగా ఊపి ఏదో అంది.

"ఏమందే?"

"తనకి అదంటే ఇష్టం లేదట."

"పొద్దస్తమానం ఆ వాసనలోనే ఉంటే ఎవరికి ఇష్టముంటుంది? నిజమే అయ్యుంటుంది" అంది చెల్లెలు, డబ్బు చెల్లిస్తూ.

పిల్ల తలుపుదాకా వచ్చి, వెనక్కి తిరిగి ఆవిడ కంచం వైపు మరోసారి చూసింది.