మొవ్వు జోలికి పోకుండా

చలికాలంలో ఒక శుక్రవారం, ఫర్వానియాలో రోడ్డు పక్కన ఖర్జూరపు మట్టలు కుప్పగా పడి ఉన్నాయి. చెట్లకు కొట్టేసినవి, చెత్త లారీ కోసం పెట్టినవి. ఆ కుప్ప దగ్గర కూర్చుని ఒకామె ముళ్ళు తప్పించుకుంటూ ఆకు ఒలుస్తోంది. రాయచోటి వైపు మనిషి. ఒక ఇంట్లో పని చేస్తోంది.

"ఏం చేస్తావమ్మా వీటితో?"

"బుట్ట అల్లుతానన్నా. ఊర్లో ఈతాకుతో అల్లేవాళ్ళం. ఇది గూడా ఈతే గదా, రవంత పెద్దది."

నిఘంటువులూ ఆమె పక్షమే. ఖర్జూరానికి పాత తెలుగులో పేరీత అని పేరు, అంటే పెద్ద ఈత. నేను మెచ్చుకునేలోపే ఆమె గొంతు తగ్గించి అడిగింది: "ఎవురన్నా జూస్తే దొంగతనం అంటారా అన్నా?"

పారేసినవే కదా, ఏమీ అనరులే అన్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చాల్లేదు. పారేయనిది, చెట్టు మీద ఉన్నది, ఎవరూ నాటనిది అయితే?

మన దగ్గర ఈ ప్రశ్నకు చాలా చేదు చరిత్ర ఉంది. ఎరుకలవారిలో కొన్ని శాఖలకు పేర్లే చేతిపని మీద వచ్చాయి: వెదురు చీల్చి అల్లే దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కొట్టడాన్ని నేరం చేసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చి, ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగల లెక్కలో రాసింది. ఆ ముద్రను చట్టం నుంచి తీసేసింది 1952లో. జనం నోటి నుంచి తీసేశారా అంటే నేను చెప్పలేను.

అలాగని ఎవరిదీ కానిది అందరిదీ అనుకుంటే సరిపోదు. కువైత్ జాతీయ పుష్పం అర్ఫజ్. ఎడారిలో పెరిగే పొట్టి పొద. ఒంటెలకు మేత, డేరాలకు వంటచెరకు. ఎవరి అవసరం వాళ్ళకు న్యాయమే, కానీ పొద మిగలాలి కదా! అడవి మొక్కలకు హాని చేయకూడదని ఇక్కడ 2014లో వచ్చిన పర్యావరణ చట్టం చెబుతోంది. దాన్ని నేను తప్పు పట్టలేను.

మరుసటి శుక్రవారం ఆమె మళ్ళీ కనబడింది. ఊర్లో ఆకు ఎప్పుడు కోస్తారని అడిగాను.

"వానలు పోయినాక. నీడన ఆరబెట్టి, అల్లేటప్పుడు తడుపుకుంటాము. మొవ్వు జోలికి మాత్రం పోగూడదన్నా, చెట్టు సస్తాది."

నేను తలవంచుకున్నాను. చిన్నప్పుడు మా వీధి పిల్లలం చెరువుగట్టు మీద ఈతచెట్లను నరికి, లోపలి తెల్లటి మొవ్వు తిన్నాం. తియ్యగా ఉంటుంది. ఈతకు కొమ్మలుండవు, ప్రాణమంతా ఆ ఒక్క చిగురులోనే. అది పోతే మళ్ళీ చిగురించదు. ఎన్ని చంపామో లెక్క లేదు. మమ్మల్ని ఎవరూ దొంగలనలేదు. కరణంగారి వీధి పిల్లలం మరి. మా ఊళ్ళో ఆ మాట, ఆకు కోసి బుట్ట అల్లి చెట్టును బతకనిచ్చినవాళ్ళ కోసం దాచి ఉంచేవారు.

ఖర్జూరంతో ముడిపడిన పనితనాన్ని, ఆచారాలను 2019లో యునెస్కో పద్నాలుగు అరబ్బు దేశాల పేరిట వారసత్వంగా నమోదు చేసింది. అందులో కువైత్ ఉంది. ఇక్కడివాళ్ళు ఈ ఆకును ఖూస్ అంటారు. ఈతాకు అల్లిక తెలిసిన ఈమెకు మాత్రం ఆరు రోజులు చీపురూ గిన్నెలే. ఏడో రోజు కూడా, ఇంటిపనివాళ్ళకు వారపు సెలవు ఇవ్వాలని 2015లో చట్టం వచ్చాక హక్కయింది.

లారీ వచ్చింది. ఎత్తేవాడు ఆమెను చూసి, పచ్చివి నాలుగు మట్టలు ఏరి పక్కన పెట్టాడు. ఆమె రెండు తీసుకుని మిగతావి వెనక్కి తోసింది.

"ఒక్క దినంలో ఇంతకన్నా అల్లలేనన్నా" అంది నాతో.