మందరము క్రింది కూర్మము

పూరీ జగన్నాథుని సేవించి శ్రీకూర్మమునకో సింహాచలమునకో మరలివచ్చు యాత్రికులు రైలు నౌపడ దాటునప్పుడు తెల్లని ఉప్పు కుప్పలను చూచియే యుందురు. ఆ ఉప్పు మడుల కావల తుంగ, బురద, పలుచగా పరచుకొన్న నీరు. అక్కడివారు దానిని తంపర అందురు. చూపునకు అందులో వేడుక యేమియు లేదు. కొందరు దానిని బీడు అనుటయు కలదు.

క్షీరసాగర మథన కథ మనకు క్రొత్త కాదు. అమృతమునకై దేవదానవులు తొందరపడిరి. వాసుకి బుసలు, మందరగిరి తిరుగుడు అందరును చూచిరి. నీటి అడుగున పర్వతమును వీపున మోయుచున్న స్వామిని చూచినవా రెందరు? మోయువాడు కనబడడు. తంపర కూడ అట్టిదే. దాపుననున్న తేలినీలాపురము చెట్లపై ఏటేట శరదృతువున గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు కట్టును. ఇవి సైబీరియా నుండి వచ్చునని లోకులు చెప్పుకొందురు గాని, ఇవి మన దేశపు పక్షులే. ఊరివారు వీని రాకను శుభముగా నెంచి, తమ పెరటిచెట్ల నీడను వీని కిచ్చుచున్నారు. అయితే పిల్లల నోటికి చేప అందవలెనన్న తల్లి పక్షి తంపరకే పోవలెను. చెట్టును కాచి నీటిని పోగొట్టినచో గూడు మిగులును, పిల్ల మిగులదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1974లో జలకాలుష్య నివారణ చట్టమును మన పార్లమెంటు చేసినది. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన 51-ఎ అధికరణము అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడుట, జీవుల యెడ దయ కలిగియుండుట ప్రతి పౌరుని విధి యన్నది. ఆ దయ యను మాటను న్యాయశాస్త్రవేత్తలు మన అష్టపుష్పముల నుండి తీసికొనలేదు. అయినను మనము నిత్యము పూజలో సమర్పింతు మనుకొను సర్వభూతదయ యను పుష్పము అదియే గదా!

చట్టమున్నంతమాత్రమున తంపర నిలువలేదు. కాకరాపల్లి వద్ద ఈ తంపరలోనే 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రము తలపెట్టిరి. చేపలు పట్టువారును, రైతులును అడ్డుపడిరి. 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. అటుపిమ్మట పనులు ఆపుమని కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తరు విచ్చినది. విద్యుత్తు వలదని నేననను. మన కోవెలలోని దీపముల వరుసయు దానితోనే వెలుగుచున్నది. కాని ఆ వెలుగు క్రింద ఎవరి వీపున్నదో అడుగుట అపచారము కాదు.

ఇక మన ఇండ్ల మాట. శ్రీకూర్మనాథుని దర్శించి వచ్చిన భక్తితోనో, ఐశ్వర్యము వచ్చునను ఆశతోనో నక్షత్ర తాబేలును కొని తొట్టిలో ఉంచువారున్నారు. 2022 సవరణతో ఆ ప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులో చేరినది. దానిని పట్టుట, అమ్ముట, కొనుట నేరములు, శిక్ష 3 ఏండ్లకు తగ్గని కారాగారము. ఇది విని భయపడి, పుణ్యమును వచ్చునని, దానిని తెచ్చి పుష్కరిణిలోనో ఏటిలోనో వదలువారు మరికొందరు. అయ్యా, అది మెట్టప్రాణి. గడ్డి మేయుచు పొడినేలపై తిరుగును. దానికి ఈత రాదు. కూర్మమనగానే నీరనుకొని మనము చేయు ఆ పుణ్యకార్యమున అది మునిగి చచ్చును. మీ ఇంట నున్నచో అటవీశాఖవారికి అప్పగింపుడు. లేనిచో కొనకుడు. సంతలో దానిని చూపి బేరమాడువానితో, మేము శ్రీకూర్మము పోయి స్వామిని అక్కడనే చూచి వచ్చితిమని చెప్పుడు.